కొలత పుల్ల

ఒక ఆడమనిషి హ్యాండ్‌బ్యాగులో చీపురు పుల్ల ఎందుకుంటుందో లూదియాకు ఎంత ఆలోచించినా మంచి కారణం తోచలేదు.

ఆ బ్యాగు తెరవమన్నది తమ్ముడి భార్య వందనే. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక లూదియాకు తలనొప్పి మొదలైంది. "నా బ్యాగులో మాత్ర ఉండాది, తీసుకో వదినా" అని పెరట్లో గిన్నెలు తోముతూ కేకేసింది వందన. మాత్ర మొదటి అరలోనే దొరికింది. దొరికాక జిప్పు లాగేసి బ్యాగును కొక్కేనికి తగిలించాలి. లూదియా అట్లా చేయలేదు. రెండో అర కూడా తెరిచింది. తలనొప్పి ఉన్నవాళ్ళు చేసే పని కాదది. నెల రోజులుగా అవకాశం కోసం చూస్తున్నవాళ్ళు చేసే పని.

రెండో అరలో చేతిరుమాలు మడతలో ఆ పుల్ల ఉంది. విరిచింది కాదు, రెండు కొసలూ బ్లేడుతో నున్నగా కోసింది.

అది ఏమిటో ఆ ఇంట్లో పుట్టిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. చెప్పుల కొలత. తొడుక్కునే మనిషి ఊళ్ళో లేకపోతే, పాదం పొడుగుకు పుల్ల తుంచి దాచుకుంటారు. అంగడివాడు పుల్లను చెప్పులో పెట్టి చూసి జత తీసిస్తాడు. లూదియా తమ్ముడు అజయ్ కుమార్ పుల్ల వాళ్ళమ్మ ఎస్తేరమ్మ బైబిల్లో, కీర్తనల మధ్య ఉంది. ఎనిమిదేళ్ళ కిందట వాడు పటాలానికి పోయే ముందు రోజు, మడమ గోడకు ఆనించి నిలబెట్టి తీసిన కొలత. ప్రతి డిసెంబరులో ఆమె ఆ పుల్లతో ఆళ్ళగడ్డ బజారుకు పోయి క్రిస్మస్‌కు ఒక జత కొంటుంది. వాడు పండక్కి వచ్చినా కొంటుంది, రాకపోయినా కొంటుంది. ఇప్పుడు ఆమె మంచం కింద మూడు జతలు అట్టపెట్టెల్లో అట్లాగే ఉన్నాయి. పదో నంబరు చెప్పులు. వాటిలో కూర్చుని వక్కిలేరు దాటొచ్చని లూదియా తమ్ముణ్ణి ఏడిపించేది.

అమ్మ కునుకు తీస్తోంది. లూదియా బైబిలు తెరిచి రెండు పుల్లల్నీ పక్కపక్కన పెట్టింది. ఒక కొస సమంగా ఉంది. రెండో కొస దగ్గర చూపుడువేలు, నడిమివేలు కలిపి పెడితే సరిగ్గా పట్టేంత తేడా.

అజయ్ కొలత కాదు. ఇంకెవరిదో.

ఆమెకు భయం వేసింది, కానీ అందులో రవ్వంత సంతోషం కూడా ఉంది. నేను అనుకున్నదే నిజమైంది చూశారా అనే సంతోషం. ఆ సంతోషానికి ఆమె తర్వాత చాలా సిగ్గుపడింది గానీ, ఆ నిమిషంలో మాత్రం పుల్లను రవికెలో దోపుకుని, చేతిరుమాలు మళ్ళీ మడత పెట్టి, జిప్పు లాగేసింది.

"దొరికిందా వదినా?" అంది పెరట్లోంచి వందన.

"దొరికింది" అంది లూదియా.

సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆదివారం ఆరు గంటలకు అజయ్ వీడియో కాల్ చేస్తాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి ముగ్గురూ ముందు కూర్చున్నారు. అజయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, వెనక పచ్చరంగు గోడ. కాస్త చిక్కాడు.

"తింటాండావా నాయనా?" అంది ఎస్తేరమ్మ.

"తింటాండామ్మా. నువ్వు బీపీ మాత్ర ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండాలే. పండక్కి సెలవు ఇస్తారంటివే?"

"ఇరవై మూడుకు వస్తా. టికెట్ అయింది."

"ఏదీ, ఒకసారి లేచి నిలబడు. ఎంత చిక్కినావో చూస్తా."

అజయ్ నవ్వాడు. "ఈడ పైకప్పు కిందికి ఉండాది మా, లేస్తే తల తగుల్తాది" అన్నాడు. తర్వాత సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాడు.

ఫోన్ చీకటి కాగానే వందన లేచి లోపలికి పోయింది. లూదియా కళ్ళు ఆమె వీపునే అంటిపెట్టుకుని పోయాయి. మొగుడు కనబడినంతసేపూ ఆ పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెరను చూడలేదు. చాప అంచు పీకుతూ కూర్చుంది. తప్పు చేసినవాళ్ళు అట్లాగే కూర్చుంటారని లూదియా తీర్పు చెప్పేసింది.

*

ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా రాతిబొమ్మలు చెక్కే షెడ్లున్నాయి. గురుస్వామి షెడ్డులో లూదియాది పాలిష్ పని. మగవాళ్ళు ఉలితో, మిషన్‌తో చెక్కి వదిలేసిన దేవుళ్ళను నీళ్ళు పోసి, గరుకురాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా వచ్చి, నలుపు నిగనిగలాడేదాకా రుద్దాలి. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి సోమవారం నరసింహస్వామి పాదాలు రుద్దుతోందని మొదట్లో కొందరు నవ్వారు. రుద్దుడుకు మతమేముందని గురుస్వామి అన్నాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

ఆ సోమవారం ఆమె ముందున్నది అహోబిలం దారిలో ఏదో కల్యాణ మండపానికి పోవాల్సిన బొమ్మ. పాదాలు మిగిలాయి. కాలివేళ్ళ సందులే కష్టం, అక్కడ రాయి పట్టదు, గుడ్డను పుల్లకు చుట్టి రుద్దాలి. ఆమె కళ్ళు మూసుకుని బొటనవేలి మీద తన వేలు జరిపింది. గరుకు ఎక్కడుందో కంటికి ఆనదు, వేలికి ఆనుతుంది. ఆ షెడ్డులో లూదియా వేలు ఆమోదిస్తే గురుస్వామి మళ్ళీ చూసేవాడు కాదు.

చెయ్యి దాని పని అది చేస్తోంది. మనసు మాత్రం మంగళవారాలు లెక్కపెట్టుకుంటోంది. నవంబరు మధ్య నుంచీ వందన ప్రతి మంగళవారం నంద్యాలకు పోతోంది. మగ్గం పని నేర్చుకుంటున్నానంటుంది. నేర్చుకునేవాళ్ళ వేళ్ళకు సూది పోట్లుండాలి. వందన వేళ్ళు శుభ్రంగా ఉంటాయి. పైగా ఆ రోజు సాయంత్రం ఆమె చేతుల నుంచి సైకిల్ పంచర్ వేసే సొల్యూషన్ వాసన వస్తుంది. అంతకు ముందు నవంబరు మొదట్లో నాలుగు రోజులు పగిడ్యాలలో పుట్టింటికని పోయి, ఉబ్బిన కళ్ళతో తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఫోన్ మోగితే పెరట్లోకి పోయి గోడ పక్కన నిలబడి మాట్లాడుతుంది.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ కాదు. పుల్ల దొరికాక అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. ఎవరో పొట్టివాడు. నంద్యాలలో. పండక్కి వాడికి చెప్పులు కొనిస్తోంది. సరిహద్దులో మొగుడు కాపలా కాస్తుంటే, మొగుడి డబ్బుతో.

"లూదియా, అరగొట్టేస్తాండావు" అన్నాడు గురుస్వామి పక్కన నిలబడి. చూస్తే ఆమె ఒకే వేలిని రుద్దుతూ ఉంది.

సాయంత్రం వందన నీళ్ళ క్యాన్ కోసం వీధి చివరికి పోయినప్పుడు లూదియా తలుపు దగ్గరగా వేసి, పుల్లను అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఏందిది?"

"నీ కోడలి బ్యాగులో ఉండె. కొలిచి చూడు."

ఎస్తేరమ్మ బైబిలు తీసి కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు, కొసలు మార్చి మార్చి. "వాళ్ళన్న ఎడ్విన్‌దేమో" అంది చివరికి.

"ఎడ్విన్ కాలు నువ్వు చూడలేదా? మనోడి కాలికంటే బారు. పెండ్లిలో కొత్త బూట్లు పట్టక ఉత్త కాళ్ళతో నిలబడినాడు."

"వాళ్ళ నాయనది?"

"నాయన పోయి మూడేండ్లాయె."

"ఆమెదేమో. ఆడపిల్ల కాలు చిన్నదుంటాది."

"ఆమె చెప్పు గడప దగ్గర ఉండాది, పెట్టి చూడు. దానికంటే ఇది పెద్దది. మగోడిదే మా. పొట్టోడిది."

అట్లా ఒక్కొక్క తలుపూ లూదియా తన చేత్తోనే మూసింది. ఎస్తేరమ్మ పొట్టి పుల్లను కొంగున ముడేసుకుంది. వీధిలో అడుగుల చప్పుడు వినగానే గొంతు తగ్గించి, "ఆదివారం ఆరాధన అయినంక సంఘపెద్ద జీవన్ కుమార్‌ను కూచోబెట్టుకుని అడుగుదాం. ఎడ్విన్‌ను గూడా పిలిపిస్తా. వాడు ఇరవై మూడుకు వచ్చేలోపల తేలిపోవల్ల" అంది.

"రేపు మంగళవారం. నేను వెనకాలే పోయి కండ్లతో చూసొస్తా" అంది లూదియా.

వందన నీళ్ళ క్యాన్ దించి, ఇద్దరినీ చూసి, "ఏందత్తా, అట్ల కూచున్నారు?" అంది. తర్వాత తన బ్యాగు తీసింది. రెండు అరలూ వెతికింది. మంచం మీద బోర్లించింది. దిండు కింద చూసింది. ఆమె ముఖం మాడిపోవడం తల్లీకూతుళ్ళిద్దరూ చూశారు.

"ఏం పోయింది?" అంది లూదియా.

"ఏంలేదులే వదినా. ఒక చీటీ."

ఎస్తేరమ్మ కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

*

తొమ్మిది గంటల బస్సులో వందన ముందు తలుపు దగ్గర కూర్చుంది. లూదియా షెడ్డులో దుమ్ముకు కట్టుకునే స్కార్ఫు ముఖానికి చుట్టుకుని వెనక సీట్లో సర్దుకుంది. ఒంట్లో బాగోలేదని గురుస్వామికి ఫోన్ చేసింది. అబద్ధం చెప్పడం ఎంత తేలికో అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

శిరివెళ్ళ దాటింది. పొలాల్లో శనగ పచ్చగా ఉంది. లూదియా పొలాలు చూడలేదు. ముందు సీట్లో కనిపించే జడను చూస్తూ కూర్చుంది. ఆ జడ ఒకటి రెండుసార్లు కిటికీ వైపు తిరిగింది, ఒకసారి చెయ్యి పైకి లేచి ముఖం తుడుచుకుంది.

ఆరేళ్ళ కిందట లూదియా మొగుడు కూడా ఇట్లాగే ఆమె వెనక నడిచేవాడు. కుళాయి దగ్గర ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో గడియారం చూసేవాడు, ఎవడో ఉన్నాడనేవాడు. ఒక రోజు అది భరించలేక పెట్టె సర్దుకుని అమ్మ ఇంటికి వచ్చేసింది. ఆ సంగతి ఆమెకు బస్సులో గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఇది వేరు అనుకుంది. అప్పుడు తాను తప్పు చేయలేదు. ఈ పిల్ల చేసింది.

నంద్యాలలో బస్సు దిగి వందన మగ్గం క్లాసులుండే వీధి వైపు తిరగలేదు. సందులోకి మళ్ళింది. రెండు మలుపులు. ఒక పాత మేడ మెట్ల కింద గదిలోకి, చెప్పులు బయట విడిచి పోయింది. తలుపు వారగా ఉంది. లోపల మగమనిషి గొంతు.

లూదియా ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర కాసేపు నిలబడింది. ఫోన్ తీసింది, ఫోటో తీయాలని. తర్వాత నేరుగా పోయి తలుపు నెట్టింది.

గదిలో తోలు ముక్కలు, రబ్బరు షీట్లు, సొల్యూషన్ డబ్బా. నేల మీద ఒక ముసలాయన, గడ్డం తెల్లగా, ఒళ్ళో గోతం పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా వందన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

"పోతే పోనీ బేటీ" అంటున్నాడాయన. "కాగితం మీద గీసినది నా దగ్గర ఉండాది గదా. పుల్లతో నాకు పనేముంది?"

"మీకు లేదు తాతా. నాకుంది" అంది వందన. తలెత్తి గుమ్మంలో లూదియాను చూసింది.

"ఎవురమ్మా? ఏం కావల్ల?" అన్నాడు ముసలాయన.

ఆయన ముందున్న పీట మీద ఒక జత ఉంది. గోధుమరంగు తోలు, ముందు మూసిన చెప్పులు. పడవల్లా పెద్దవి. పదో నంబరు. అంత పెద్ద కాలు లూదియాకు తెలిసినంతలో రెండే రెండు ఇళ్ళలో ఉంది. ఒకటి పగిడ్యాలలో ఎడ్విన్‌ది, ఒకటి తన ఇంట్లో.

ఆమె కూర్చుని కుడి చెప్పు తీసి లోపలికి చెయ్యి పెట్టింది. వేళ్ళు కొస దాకా పోయాయి, తోలు మెత్తగా తగిలింది. ఎడమ చెప్పులో చెయ్యి పెట్టింది. చెయ్యి కొస దాకా పోలేదు. ముందే ఆగిపోయింది. మెత్తటి రబ్బరు దిమ్మె ఏదో అడ్డం ఉంది, పైన పలచటి తోలు కప్పి ఉంది. ఆమె చూపుడువేలు ఆ దిమ్మె అంచు పట్టుకుని నెమ్మదిగా జరిగింది. బొటనవేలు ఉండాల్సిన చోటు నుంచి చిటికెనవేలు ఉండాల్సిన చోటు దాకా. బయటికి రెండు చెప్పులూ ఒకటే. లోపల ఒకటి తక్కువ. ఎంత తక్కువో ఆమెకు కొలత తెలుసు.

"వందనా" అంది.

"మంచుకు మీ తమ్ముని కాలు మొద్దుబారిందంట వదినా. మూడు దినాలు కొండ మీదే ఇరుక్కున్నారంట. కిందికి తెచ్చేలోపల వేళ్ళు నల్లగా అయిపోయినాయంట. ఐదూ తీసేసినారు." వందన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది, ఎవరికైనా చెప్పాలని చాలా రోజులుగా లోపల అనుకుని అనుకుని ఉన్న పాఠం. "పెండ్లాన్ని కాబట్టి ఫోన్ నాకొచ్చింది. పగిడ్యాల కాదు నేను పోయింది, పూణె పోయినా, ఆస్పత్రికి. ఆ వార్డులో చీపురు నుంచే పుల్ల తీసి నేనే కొలిచినా."

"మాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నాడు. నేను నడుచుకుంటా గడప ఎక్కినాక చెప్తా, మంచంలో ఉన్నప్పుడు చెప్తే అమ్మ నన్ను జన్మంతా మంచంలో ఉన్నట్టే చూస్తాది అన్నాడు. ఆస్పత్రిలో బూట్లు ఇచ్చినారు, నల్లవి. అవి తొడుక్కుని వస్తే అమ్మ కనిపెడ్తాదని. పండక్కి అమ్మ కొనే చెప్పుల మాదిరే ఉండవల్ల అన్నాడు. లాల్ సాహెబ్ తాత షుగర్ కాళ్ళోళ్ళకు చేస్తాడని వింటే, వెతుక్కుంటా వచ్చినా."

లాల్ సాహెబ్ చెప్పును లూదియా చేతిలోంచి తీసుకుని, దిమ్మె అంచు తడిమి, "ఇంకొంచెం దించల్ల. ఒరుసుకుంటే పుండు పడ్తాది" అని తన పనిలోకి పోయాడు. ఆడవాళ్ళ మధ్య ఏదో ఉందని ఆయనకు అర్థమైంది, కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు.

"పుల్ల పోయింది వదినా" అంది వందన. "అన్నీ ఈయన దగ్గరే పెట్టినా. అదొక్కటి వదల్లేక నా దగ్గరే పెట్టుకున్నా."

లూదియాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. "పోలేదు. అమ్మ దగ్గర ఉండాది" అంది.

"అత్త దగ్గరా? అత్తకెట్ల పోయింది?"

"నేనే ఇచ్చినా."

"ఏమని చెప్పి ఇచ్చినావు?"

అబద్ధం చెప్పొచ్చు. పొద్దున గురుస్వామికి ఎంత తేలిగ్గా చెప్పింది. ఇప్పుడు నోరు తిరగలేదు. "పరాయి మగోడిదని చెప్పినా" అంది.

వందన అరుస్తుందనుకుంది. అరవలేదు. స్కార్ఫు వంక చూసింది, లూదియా చేతిలోని ఫోన్ వంక చూసింది. "నన్ను ఒక మాట అడిగుండొచ్చు గదా" అంది చివరికి. "మీ ఆయన నిన్ను అడగకుండానే వెనక నడిచినాడని ఎన్నిసార్లు చెప్పి ఏడ్చినావు నా దగ్గర."

లూదియా జీవితంలో తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

*

ఇంటికి వచ్చేసరికి ఎస్తేరమ్మ గడప మీద కూర్చుని ఉంది. ముందు లూదియా వచ్చింది. వందనను తర్వాతి బస్సులో రమ్మంది.

"చూసినావా?"

"చూసినా."

"ఎవుడు?"

దారి పొడుగునా లూదియా ఒక మంచి అబద్ధం కోసం వెతికింది. ఎడ్విన్ అందామంటే తానే కొట్టేసింది. నాయన, ఆమె, అన్నీ తానే మూసింది. ఒక్క దారి మిగిలింది. అందులోకి దూరాలంటే ఆమె ఒళ్ళు ఒప్పుకోవడం లేదు. అయినా దూరింది.

"ఎవుడూ లేడు మా. ఆ పిల్ల మగ్గం క్లాసులో కూచుని ఉండె. ఆ పుల్ల ఆమెది కాదు. నాది."

"నీదా?"

"నా దగ్గర చూస్తావేమోనని భయపడినా. ఆమె మీద పెట్టినా."

ఎస్తేరమ్మ చాలాసేపు కూతురి ముఖం చూసింది. "ఎవురిది ఆ కాలు?"

"ఉండాడులే ఒకాయన."

"యాడ? షెడ్డులోనా?"

లూదియా తల వంచుకుంది. తల వంచుకుంటే ఒప్పుకున్నట్టే.

"అయితే ఆ పొద్దు నీ మొగుడు అన్న మాట నిజమేనన్నమాట" అంది ఎస్తేరమ్మ. గట్టిగా కూడా అనలేదు. "నేనే వాని మీద ఉమ్మేసి నిన్ను ఇంట్లోకి తెచ్చుకుంటి."

లూదియా కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయి, తొట్టిలో ముఖం ముంచింది. చిన్నపిల్లలాగా ఏడ్చింది. అమ్మ అడిగితే నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పాలనుకుంది. అమ్మ అడగలేదు.

వందన వచ్చాక అత్త ఆమెకు స్వయంగా అన్నం పెట్టింది. రెండోసారి కూర వేసింది. ఆ పిల్ల ముద్ద మింగలేక లూదియా వంక చూసింది. రెండు రోజులాగి పెరట్లో పట్టుకుని, "నేను చెప్పేస్తా వదినా. నావల్ల గాదు ఇది" అంది. "చెప్తే వాడు నడిచొచ్చినా అమ్మ ముందు కాళ్ళే చూస్తాది. నోరు మూసుకో" అంది లూదియా.

ఆ వారం అంతా లూదియా మీద కావలి పడింది. ఫోన్ మోగితే ఎవరని అడిగేది అమ్మ. షెడ్డు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడి ఉండేది. గురువారం మధ్యాహ్నం ఎన్నడూ లేనిది టిఫిన్ క్యారియర్ పట్టుకుని షెడ్డుకే వచ్చింది. క్యారియర్ పక్కన పెట్టి, చెక్కే మగవాళ్ళందరి కాళ్ళూ వరుసగా చూసింది. ఎవరి కాలు పొట్టిదో. గురుస్వామి పలకరిస్తే ఆయన చెప్పుల వంకే చూస్తూ జవాబిచ్చింది. లూదియా అన్నం కెలుకుతూ, బస్సులో వెనక సీట్లో కూర్చున్న తనను తాను చూసుకుంది. ఇట్లా ఉంటుందా ఒకరి కళ్ళ కింద బతకడం. మరిచిపోయింది తాను. ఆరేళ్ళకే.

ఆదివారం చర్చిలో జీవన్ కుమార్‌తో అమ్మ ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. పచ్చ గోడ, మంచం, అజయ్.

"చెప్పులు కొన్నావా మా?" అన్నాడు నవ్వుతూ.

"కొంటాలే."

"ఇంకా కొనలేదా? ఏటా డిసెంబరు ఒకటికే కొంటావే!"

ఎస్తేరమ్మ తెరకు దగ్గరగా జరిగింది. కొడుకు ముఖం చూసింది, భుజాలు చూసింది, కింద తెర అంచున దుప్పటి కప్పిన మోకాళ్ళ దాకా చూసింది. ఈసారి లేచి నిలబడమని అడగలేదు. "జాగ్రత్తగా రా నాయనా, తొందరపడొద్దు" అని మాత్రం అంది.

*

మంగళవారం పొద్దున వందన బ్యాగు సర్దుకుంటోంది. చెప్పులు అయ్యాయని లాల్ సాహెబ్ కబురు చేశాడు. లూదియా షెడ్డుకు పోవడానికి స్కార్ఫు దులుపుకుంటోంది.

"ఇద్దరూ ఇట్ల రాండి" అంది ఎస్తేరమ్మ.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బైబిలు, దాని మీద రెండు పుల్లలు. పొడుగుదీ పొట్టిదీ కలిపి తెల్లదారంతో కట్టి ఉన్నాయి.

"ఎడమదా, కుడిదా?" అంది.

లూదియా చేతిలో స్కార్ఫు అట్లాగే ఆగిపోయింది.

"షెడ్డులో ఎనిమిది మంది కాళ్ళు చూసినా. ఒక్కనికీ ఈ పుల్ల సరిపోదు" అంది ఎస్తేరమ్మ. "ఇంటికొచ్చి కూచుంటే నా కొడుకు యాదికొచ్చె. నెలన్నరగా వాడు కూచునే మాట్లాడతాండాడు. ఎనిమిదేండ్లు నిలబడి, నడుస్తా మాట్లాడినోడు. ఎడమదా, కుడిదా అని అడుగుతాండా."

"ఎడమ" అంది వందన. "వేళ్ళు మాత్రమే అత్తా. నడుస్తాడు. నేను ఫోన్లో చూసినా, కర్ర లేకుండా నడిచినాడు."

ఎస్తేరమ్మ దారం ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. కళ్ళనీళ్ళు బైబిలు అట్ట మీద పడ్డాయి, పైటతో తుడిచింది. ముందు అట్టను, తర్వాత కళ్ళను. తర్వాత లూదియా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. రాతి పొడి ఎక్కిన ఆ చెయ్యిని వదల్లేదు. "ఆ మాట అనకూడదమ్మా నేను. నీ మొగుని మాట. అనకూడదు" అంది.

లూదియా తల ఊపింది. వందన వైపు చూసి, తానూ ఆమెతో అదే మాట అనాలనుకుంది, అమ్మ ముందు కాదు, బస్సులో ఇద్దరే ఉన్నప్పుడు. ఈసారి పక్క సీట్లో కూర్చుని.

ఎస్తేరమ్మ వంగి మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. మూత తీసి, లోపలి చెప్పులు తీసి పక్కన పెట్టింది. ఖాళీ పెట్టెను కోడలి చేతికిచ్చింది.

"ఆ సాయిబు చేసినవి దీంట్లో పెట్టి తీస్కరాండి. నేను కొన్నట్టే ఈడ మంచం కింద ఉంటాయి. వాడు గడప ఎక్కి నిలబడి, ఆ మాట వాని నోటితో వాడే చెప్పేదాకా నాకేమీ తెల్దు. మీకూ తెల్దు."

పుల్లల్ని కీర్తనల మధ్య పెట్టి బైబిలు మూసింది.

"బేగ పోండి, తొమ్మిది బస్సు పోతాది" అంది.